ఆకాశం చదివినవాడి మాట విని

మా ఇంటి పసుపు పంటను నేనొక్కణ్నే, వేలు కూడా పెట్టకుండా నాశనం చేశాను. చీడ పట్టించలేదు, నిప్పు పెట్టలేదు. ఒక్క మాట అన్నాను, అంతే. దానికే తొమ్మిది నెలల కష్టం మట్టిపాలైంది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

అప్పుడు నేను వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో ఆస్ట్రోఫిజిక్స్ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. నక్షత్రాలు ఎలా పుడతాయో, ఎలా చస్తాయో గడగడా చెప్పేవాణ్ని. మోర్తాడ్ పక్కనున్న మా ఊరి మీద రేపు వాన పడుతుందా అన్నది మాత్రం మా సిలబస్‌లో ఎక్కడా లేదు. ఈ సంగతి నాకు తెలుసు. ఇంట్లో అవ్వకు, బాపుకు, అంటే అమ్మానాన్నలకు, చెప్పలేదు. బాపు ఊరంతా తిరిగి "మా పోరడు ఆకాశం సదువుతుండు" అని చెప్పుకుని వచ్చాక ఇంకేం చెబుతాను?

సెలవులకు ఇంటికొచ్చేసరికి ఉడకబెట్టిన పసుపు కళ్లంలో ఆరబోసి ఉంది. ఇంకో నాలుగు రోజులు ఎండితే నిజామాబాద్ మార్కెట్‌కు పోతుంది. నా మూడో ఏడు ఫీజు కూడా అక్కడే, ఆ కొమ్ముల మధ్యే ఎండుతోంది. ఆ మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. పక్క కళ్లం రాజన్న కాక ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"అన్నా, ఫోన్ల వాన అని సూపిస్తున్నది. నేనైతే కుప్ప జేస్తున్న. నువ్వు గూడ జెయ్యి."

బాపు లేచాడు. కూలోళ్లను పిలవబోయి ఆగి, నా వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పురా. వస్తదా, రాదా?"

రాజన్న కాక నవ్వాడు. "గా సుక్కల సదువుకు ఏం నౌకరి దొరుకుతదో ఆనికే తెల్వదు, వాన సంగతి ఏం తెలుస్తదే?"

నాకు ఒళ్లు మండింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆకాశాన్ని సొంత ఆస్తి చూసుకున్నట్టు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాను.

"రాదు బాపు. గా మొగుల్ల నీళ్లు లెవ్వు. ఎండనియ్యి."

"మరి ఫోన్?" అన్నాడు కాక.

"ఫోనుకేం తెలుసు కాకా! గది హైదరాబాద్ వానను సూపిస్తది."

బాపు మొహం చూడాలి మీరు! "ఇన్నవా రాజన్నా?" అని కూలోళ్లను ఇళ్లకు పంపేశాడు.

"ఇన్న. మరి మీ టార్పాలిన్లు ఉత్తగనే ఉంటయ్ గద, నాకియ్యిండ్రి. నాయి సాలుతలెవ్వు."

"తీస్కపో" అన్నాడు బాపు. మోసుకెళ్లి కాక కుప్ప మీద కప్పింది ఎవరనుకున్నారు? నేనే. ఎగిరిపోకుండా అంచులకు రాళ్లు కూడా పెట్టి వచ్చాను.

నాలుగు గంటలకు మొదలైంది వాన. చినుకు, జల్లు అనే మర్యాదలేమీ లేవు. దుప్పట్లు, అవ్వ చీరలు, మంచం మీది బొంత, చేతికి ఏది దొరికితే అది పరిచాం. నేను హాస్టల్ నుంచి తెచ్చుకున్న నక్షత్ర పటం కూడా కప్పాను. దాని కింద ఒక గంపెడు పసుపు దాక్కుంది. మిగతాదంతా మా కళ్లెదుటే పచ్చటి నీళ్లై కారిపోయింది.

"రాజన్న కుప్ప మీది కవర్లు గుంజుకరా పోరా!" అని అరిచింది అవ్వ.

"వద్దు. ఇచ్చినంక గుంజుకుంటమా?" అన్నాడు బాపు, వానలో నిలబడే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నాలుగు తన్నినా నేను ఇంత కుమిలిపోయేవాణ్ని కాదు.

వారం తర్వాత మార్కెట్‌లో సేటు ఒక కొమ్ము విరిచి, వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏం పటేలా, నానబెట్టి తెచ్చినవా? వాన అని ఫోన్లన్ని మొత్తుకున్నయ్ గద, కప్పలేదా?"

నేను నేల వైపు చూశాను. నోరు తెరిచి నిజం చెబుదామనుకున్నాను. బాపు ముందే అందుకున్నాడు.

"తప్పు నాదే సేటు. మా పోరడు వాన వస్తదని చెప్తనే ఉండె. ఆకాశం సదువుతుండు గద. నేనే ఇనలె."

సేటు నా భుజం తట్టాడు. "గిసొంటి కొడుకుండంగ ఇనకపోతె ఎట్ల పటేలా!" అని, సగం ధర చెప్పాడు.

బాపు తలూపాడు. నా ఫీజు మాత్రం ఆగలేదు. ఎక్కడి నుంచి తెచ్చాడో అడిగే మొహం నాకు ఈ రోజుకీ లేదు.

అందుకని, నవగ్రహాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చంద్రుడికి ఇవతల ఉన్న దేని గురించీ ఇక నోరు తెరవను. ఎవరు అడిగినా సరే. బాపు అడిగితే అసలే తెరవను, ఎందుకంటే ఆయన నమ్ముతాడు.