నాయనమ్మకు రాసిన చీటీ

బాబుపేట్‌లో బొగ్గుల సిగిడి రాజేసే టీకొట్టు ఇప్పటికి ఒక్కటే మిగిలింది. ఆ పొగ ముక్కుకు తగిలితే చాలు, వానకు తడిసిన మా వాకిలీ, సిగిడి మీద జొన్నరొట్టె కాల్చే అమ్మా, బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఎంత రుద్దినా గోళ్లలో నలుపు వదలని చేతులతో నా పలక అందుకునే నాన్నా, మా మాటల్లో బాపు, కళ్ల ముందుకొస్తారు.

మాది మరాఠీ నేల, నాది మరాఠీ బడి. ఇంట్లో తెలుగు అక్షరం వచ్చింది బాపుకొక్కడికే, అందుకని సాయంత్రాలు ఆయనే పంతులు. పోళా పండుగనాడు కొమ్ములకు రంగులేసిన ఎద్దుల్ని చూసొచ్చి, పూరణ్‌పోళీ తిన్న నేతి వేళ్లతోనే భూతకాలం దిద్దించాడు: వచ్చాడు, వచ్చింది, వచ్చారు. తాను 'వచ్చిండు' అనే మనిషి, నేను పలక మీద అలా రాస్తే మాత్రం చెవి మెలేసేవాడు. ఆ పండుగపూట 'పోయాడు', 'చనిపోయాడు' కూడా రాయించాడు. నాకు ఒకటే విసుగు.

వారం తిరక్కుండానే గనిలో కప్పు కూలి బాపు చనిపోయాడు. తెల్లారి ఇంటికి తెచ్చారు. ఆయన తల్లి, మా నాయనమ్మ, లక్కడ్‌కోట్ దగ్గరి పల్లెలో ఉండేది. ఫోన్లు లేవు; బస్సు డ్రైవరుకు చీటీ ఇస్తే అందిస్తాడు. తమ్ముడు ఉయ్యాలలో ఉన్నాడు, రాయగలిగింది ఇక నేనే. చావు కబురు ఉన్నదున్నట్టు రాయకూడదని మావాళ్ల పట్టింపు.

"పాణం బాగలేదు, జల్ది రా అని రాయి బిడ్డా," అంది అమ్మ గోడకు జారగిలబడి.

పోళానాడు దిద్దిన 'చనిపోయాడు' వేళ్ల దాకా వచ్చింది. అయినా అమ్మ చెప్పినట్టే రాశాను.

వానాకాలం బాపుకు జ్వరం మామూలే, నాయనమ్మ అదే అనుకుంది. నాటుకోడి కోసి, పులుసు వండుకుని, మర్నాడు గిన్నెతో బస్సు దిగింది. ఆ ముసురులో శవాన్ని ఉంచలేక ముందురోజు సాయంత్రమే దహనం చేసేశారు. నాయనమ్మ గిన్నె గడపలో పెట్టి, ఏడవకుండా నావైపే చూసింది.

"మీ బాపు గింత సదువు సెప్పిండు. సచ్చిండని రాయనీకి చేతులు రాలేదా నీకు? కొడుకు మొకమన్న సూసుకుందును గద."

అమ్మ తల ఎత్తలేదు. అమ్మే చెప్పిందని నేనూ అనలేదు. ఆ పులుసు ఎవరూ ముట్టలేదు. బతికినన్నాళ్లూ నాయనమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు.

ఆ గని మూతపడింది, మా క్వార్టర్లు కూల్చేశారు, నా పిల్లలకు తెలుగు మాట్లాడటమే తప్ప చదవటం రాదు. నిరుడు అమ్మ పోయినప్పుడు, నాగపూర్‌లో ఉన్న తమ్ముడికి సీరియస్‌గా ఉందని మాత్రమే చెప్పమన్నారు చుట్టాలు. నేను ఫోన్ తీసి, "అమ్మ సచ్చిపోయింది. నువ్వొచ్చేదాక ఎత్తనియ్య," అన్నాను. నన్ను రాతిగుండెదన్నారు. అననీ. తమ్ముడు వచ్చి, అమ్మ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లారా చూసుకున్నాడు. పక్కన నిలబడి నేను ఏడ్చింది నాయనమ్మ కోసం.