టోపీ లోపలి మూడు చుక్కలు

మొన్న గురువారం పొద్దున పదకొండుంపావుకి జూబ్లీహిల్స్‌లో నన్ను దొంగ అన్నారు. టైము ఖాయంగా చెప్పగలను, ఆ హాల్లో గోడగడియారం నా ఎదురుగానే ఉంది.

అన్నది మా నిర్మాత. ముప్పై ఏళ్లు ఆయన సినిమాలకి కిరీటాలు, గదలు, కవచాలు చేసింది నేను. ఆయనకో పిచ్చి. పాతకాలపు జర్మనీ సైనిక టోపీలు, నడినెత్తిన ఇత్తడి మొన నిలబడి ఉండేవి, కొంటాడు. మామూలు సిపాయిలవి పనికిరావు, రాజులూ యువరాజులూ పెట్టుకున్నవే కావాలి. పదకొండు ఉన్నాయి అద్దాల బీరువాలో. నెలకోసారి వెళ్లి వాటి ఇత్తడి తుడిచేది నేనే.

పన్నెండేళ్ల కిందట ఆయన సినిమాలో హీరో జర్మనీ దొర వేషం కట్టాడు. దానికోసం బీరువాలోంచి ఒక యువరాజు టోపీ తీసిచ్చాడు. మా పనిలో ఏ వస్తువైనా రెండుండాలి. క్లోజప్‌కి అసలు, ఫైట్‌కి డూపు. డూపు నేను చేశాను, మంచి తోలుతో, మంచి ఇత్తడితో. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఏది చేసినా లోపల ఉలితో మూడు చుక్కలు కొట్టేవాణ్ణి. అదే నా సంతకం.

ఫిల్మ్ నగర్‌లో షూటింగ్ ఫ్లోర్లో లైట్లు వేశాక కెమెరామెన్ మొహం చిట్లించాడు. "ఈ పాతది చచ్చినట్టుందయ్యా. ఆ మెరిసేది హీరోకి పెట్టండి, దీన్ని ఎవడో ఫైటర్ నెత్తిన పడెయ్యండి."

"అది రాజుగారిదండీ," అన్నాను.

"రాజైతే ఏంటి బాబాయ్, లైటు పట్టట్లేదుగా!" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. అందరూ నవ్వారు.

సాయంత్రానికి రాజుగారి టోపీ మీద ఇద్దరు ఫైటర్లు పడ్డారు. మొన విరిగింది, తోలు చీలింది, ముక్కలు తుక్కు గోతంలోకి పోయాయి. నా డూపు మఖమల్ పెట్టెలో నిర్మాత ఇంటికి పోయింది. "సార్‌కి నేను చెప్పుకుంటాలే, నువ్వు నోరెత్తకు," అన్నాడు మేనేజరు. నోరెత్తలేదు. ఆ తప్పు నాదే, ఇంకొకరి మీదికి నెట్టను. పైగా నెలనెలా నా టోపీని యువరాజుల టోపీల మధ్య తుడుస్తుంటే లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

మొన్న నేను బీరువా దగ్గర ఇత్తడి తుడుస్తుంటే, బంజారాహిల్స్ నుంచి ఇంకో టోపీల పిచ్చాయన చూడ్డానికి వచ్చాడు. కొత్త సినిమా మాటలకని ఆ కెమెరామెన్, ఆ మేనేజరు కూడా ఉన్నారు. వచ్చినాయన నా టోపీ చేతిలోకి తీసుకుని, లోపలి తోలుపట్టీ మడిచి, "ఈ మూడు చుక్కలేంటండీ?" అన్నాడు.

"రాజముద్ర. ఆ వంశం వాళ్లకే ఉంటుంది," అన్నాడు నిర్మాత, గొంతు సవరించుకుని.

చేతిలో గుడ్డ పక్కన పెట్టాను. "అది నా ముద్రండీ. ఆ టోపీ నేను చేసింది."

జరిగిందంతా చెప్పాను. నిర్మాత మేనేజరు వైపు తిరిగాడు. "నాకేం గుర్తులేదు సార్," అన్నాడు వాడు. కెమెరామెన్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"అసలుది ఎవడికి అమ్ముకున్నావయ్యా?" అన్నాడు నిర్మాత నాతో.

"అమ్ముకున్నవాణ్ణయితే ఇది నాదని ఎందుకు చెప్తానండీ?"

"దొంగవి. నడువు బయటికి."

బంజారాహిల్స్ ఆయన టోపీని మెల్లిగా బల్లమీద పెట్టి, "టీ బాగుందండీ," అన్నాడు.

వాచ్‌మన్ నన్ను తీసుకెళ్లడానికి వచ్చేలోపే టోపీ మళ్లీ బీరువాలోకి పోయింది. దాని కింద తెలుగులో అచ్చేయించిన చీటీ మీద యువరాజు పేరే ఉంది. అరవై ఆరో ఏట మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నది ఇది చదవడానికా అనిపించింది.

చదవడంతో పాటు రాయడం కూడా వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్లు: నిర్మాత, ఆయన భార్య, టీ తెచ్చిన వంటావిడ, బంజారాహిల్స్ ఆయన, గుమ్మంలో వాచ్‌మన్. పన్నెండేళ్ల కిందట జరిగింది కళ్లారా చూసిన ప్రొడక్షన్ మేనేజరు. జరిగింది కళ్లారా చూసిన కెమెరామెన్. నేను.