ఈ నాటికలో ఎవరికి భయం?

మూడో గంట మోగగానే హాలు తలుపులు మూసి లోపల గడియ పెట్టేస్తారు. తిరుపతిలో నాటిక పోటీలు జరిగే ఆ హాల్లో గడియ పాతది, ఇనుపది. లైట్లు ఆరిపోయి, తెర మీది దుమ్ము వాసనా ముందు వరసలోని మల్లెపూల వాసనా కలిసిపోయిన చీకట్లో అది కిర్రుమని జరిగి ఠక్కున పడుతుంది. పక్కనున్నవాళ్లు హాయిగా కుర్చీల్లో వెనక్కి వాలతారు. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పడుతుంది. ఎన్నో ఏళ్లుగా నాటికలు చూస్తున్నాను, వాటి గురించి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, ఇప్పుడు న్యాయనిర్ణేతగా పిలిస్తే వెళ్లి పెద్దమనిషిలా కూర్చుంటున్నాను. అయినా ఆ చప్పుడంటే భయం పోలేదు. ఆ భయాన్ని ఎవరి దగ్గరా దాచుకోనక్కర్లేదని నాకు నేర్పింది హైమవతి మేడమ్.

మేడమ్ చిత్తూరులో మా డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్. అంత పిరికి మనిషిని నేను మళ్లీ చూడలేదు. రోడ్డు దాటాలంటే పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకునేది. బోర్డు మీద బల్లి కనిపిస్తే ఆ రోజు పాఠం కిటికీ దగ్గర నిలబడి చెప్పేది. కుక్క మొరిగితే చాలు, కొంగు నడుముకు బిగించి మా వెనక్కి వచ్చేసేది. మేము వెనక చేరి నవ్వుకునేవాళ్లం. ఆమెకు అది తెలుసు, కోపం కూడా వచ్చేది కాదు. ఆమెను చూసి నేను ధైర్యం నేర్చుకున్నానని ఎవరైనా చెబితే ఆమే ముందు పగలబడి నవ్వి ఉండేది.

శనివారం మధ్యాహ్నాలు మాకు నాటికలు చదివించేది. ఎప్పటివో కావు. ఇప్పుడు మన మధ్యే తిరుగుతూ, ఉద్యోగాలు చేసుకుంటూ, బస్సుల కోసం ఎదురుచూస్తూ ఉన్నవాళ్లు రాసినవి. జిరాక్సు కాగితాలు పంచి, పాత్రలు పంచి, చదవడం అయ్యాక అందరినీ కాసేపు ఊరికే కూర్చోమనేది. ఆ తర్వాతే మాట. మొదటిసారి నేను ఉత్సాహం కొద్దీ లేచి, "చాలా బాగుంది మేడమ్" అన్నాను.

"ఉప్మా కూడా బాగుంటాది," అంది మేడమ్. "ఇది నాటిక. ఇందులో ఎవరికి భయం? దేనికి భయం? ముందు అది చెప్పు. బాగుందో లేదో తర్వాత సూద్దాం."

నేను అప్పటిదాకా నాటిక చూసి నవ్వాలి, ఏడవాలి, చివర్లో నీతి పట్టుకోవాలి అనుకునేదాన్ని. మేడమ్ అదేమీ పట్టించుకునేది కాదు. "నాటిక అంటే గంటలో అయిపోవాల. గంటలో మనిషి మారడు. మారబోయే ముందు భయపడతాడు. మంచి రచయిత ఆడిదాకా తెచ్చి వదిలేస్తాడు," అనేది. అప్పటినుంచి గట్టిగా అరిచే పాత్ర కనిపిస్తే దాని లోపల ఏముందో వెతకడం అలవాటైంది. అరిచేవాళ్లు ఎక్కువగా భయపడేవాళ్లేనని తెలియడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. ఆ నాటికల్లో చాలావాటిలో కోస్తా మాటలుంటాయి. వాటిని అలాగే అప్పజెబితే ఒప్పుకునేది కాదు. "మీ ఇంట్లో ఈ మాట ఎట్లంటారు? అట్లనే అను. అద్దెకు తెచ్చిన గుడ్డల్తో ఏడిస్తే కన్నీళ్లు రావు," అనేది. నా మీదికి ముప్పు తెచ్చింది ఆ పద్ధతే, నన్ను గట్టెక్కించిందీ అదే.

రెండో సంవత్సరంలో కాలేజీ వార్షికోత్సవానికి ఒక కొత్త నాటిక ఎంచుకుంది. ఒక పిల్ల వేరే కులం అబ్బాయిని ఇష్టపడుతుంది. తండ్రి లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్లి గడియ మీద చెయ్యి వేస్తాడు. గడియ తీసి పిల్లను పంపిస్తాడో, పెట్టి లోపలే ఉంచుతాడో తెలియకముందే తెర పడిపోతుంది. పిల్ల పాత్ర నాకిచ్చింది. వద్దనడానికి కారణం చెప్పాలి, చెబితే డేవిడ్ పేరు చెప్పాలి. డేవిడ్ మా సీనియర్. చదువైపోయి నాయుడుపేట దగ్గర కంపెనీలో పనికి చేరాడు. వాళ్లది చర్చికి వెళ్లే కూలి కుటుంబం, మాది మామిడితోటలున్న రైతు కుటుంబం. ఆ ముందటేడు మా పక్క ఊళ్లో ఒక పిల్ల ఇలాగే ఇష్టపడి వెళ్లిపోయింది. అమ్మకు ఒంట్లో బాగలేదని కబురు పెడితే నమ్మి వచ్చింది. రెండోరోజు బావిలో తేలింది. కాలు జారిందన్నారు. మా చిన్నాయన మాత్రం మా అరుగు మీద కూర్చుని, "సరైన పని సేసినారు" అన్నాడు. పక్కనే ఉన్న మా నాయన ఏమీ అనలేదు. ఆ మౌనం నన్ను చిన్నాయన మాటకంటే ఎక్కువ భయపెట్టింది. ఆ రోజునుంచీ ఇంట్లో నీళ్ల చప్పుడు విన్నా ఒళ్లు జలదరించేది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం నాయన కాలేజీకి వస్తాడని నాకు తెలియదు. మండీకి కాయలు తోలుకొచ్చి, పని తొందరగా అయిపోయి, కూతురు నాటకమాడుతోందట కదా అని వచ్చి కూర్చున్నాడు. తెర లేచాక చూశాను. మూడో వరసలో, భుజం మీద తువ్వాలుతో, నోరు కొంచెం తెరుచుకుని నావైపే చూస్తున్నాడు. నేను చెప్పాల్సిన ముఖ్యమైన మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. పక్కతెర వెనకనుంచి మేడమ్ మాట అందించింది. నాకు వినబడింది, నోరు పెగల్లేదు. ఇంకోసారి అందించింది. తర్వాత ఆమె కూడా ఆగిపోయింది. తండ్రి వేషం వేసిన కుర్రాడివైపు చూడాల్సిన నేను మూడో వరసవైపు తిరిగిపోయాను.

"నేను ఆ పిల్లోణ్నే సేసుకుంటా నాయనా. సంపితే సంపు. అమ్మకు బాగలేదని మాత్రం అబద్ధం సెప్పి పిలవొద్దు."

ఆ చివరి మాట నాటికలో లేదు. అదెలా వచ్చిందో నాకు తెలియదు. హాలు చప్పట్లతో మోగిపోయింది. నాయన చేతులు మాత్రం మోకాళ్ల మీదనుంచి కదల్లేదు.

తెర పడగానే మేడమ్ నన్ను పక్కకు లాగింది. "ఆ మాట యాడనుంచి తెచ్చినావే?" అంది. ఏడుస్తూ అంతా చెప్పేశాను. పక్కనున్న బెంచీ మీద కూలబడింది. "నాకు శానా భయంగా ఉండాది," అంది. ధైర్యం చెబుతుందనుకుంటే ఇదేం మనిషి అనిపించింది నాకు. కానీ మరుక్షణం లేచి నా చెయ్యి పట్టుకుంది, రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టే. సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డ నాయన ఎదుటికి తీసుకెళ్లింది.

"అన్నా, నాటిక సూసినారు గదా. ఇందులో ఎవరికి భయం?" అని అడిగింది. క్లాసులో మమ్మల్ని అడిగినట్టే.

నాయన తలెత్తకుండానే జవాబిచ్చాడు. "పాపకు గాదు మేడమ్. ఆ నాయనకే."

"దేనికన్నా?"

"ఊరికి. ఇంట్లో ఉండే మొగోళ్లకి."

"మరి ఆయన గడియ తీస్తాడా, పెడతాడా?"

"మీరు ముందే తెర దించేస్తిరి," అన్నాడు నాయన. "నాకెట్ల తెలుస్తాది?"

బస్సులో ఊరికి బయల్దేరాం. ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దుంది, ఆవు పాలు కూడా తీయలేదు. నాయన అమ్మనూ నన్నూ లోపలికి పొమ్మని, వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. ఆ చప్పుడే ఇప్పటికీ నా అరచేతుల్లో చెమట పట్టిస్తుంది. తర్వాత మంచం ఈడ్చి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి చిన్నాయన వచ్చి తలుపు తట్టాడు. "నాకు ఒంట్లో బాగలేదు. రేపు రా," అన్నాడు నాయన లోపలినుంచే. అబద్ధం. ఆ గడియ నన్ను లోపల ఉంచడానికా, చిన్నాయనను బయట ఉంచడానికా? నాకు తెలియలేదు. అమ్మ నా పక్కన కూర్చుని నా జడ చివర పట్టుకుని వదల్లేదు.

ఆదివారం మేడమ్ మా ఊరికి వచ్చింది. బస్సు దిగి, కుక్కల భయానికి దారిలో దొరికిన వెదురుకర్ర ఒకటి పట్టుకుని, చెమటలు కారుతూ వచ్చి అరుగు మీద కూర్చుంది. నేను ఇచ్చిన నీళ్లు గటగటా తాగేసింది. "అన్నా, కొత్త నాటిక ఒకటి తెచ్చినా. సదువుతా, వినండి," అంది. నాయన వద్దనలేదు. ఆమె అన్ని పాత్రలూ తానే చదివింది, సన్నటి గొంతుతో, మగవాళ్ల మాటలు కూడా. అయిపోయాక అదే ప్రశ్న. నాయన ఆలోచించి ఏదో జవాబు చెప్పాడు. ఆ తర్వాత ఆదివారం మళ్లీ వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది. పెళ్లి మాట గానీ డేవిడ్ మాట గానీ ఆమె నోట రాలేదు. నాకు ఒళ్లు మండేది. ప్రాణం మీదికి వస్తే ఈమె నాటికలు చదువుతుందేమిటి అనుకునేదాన్ని.

ఒకసారి చిన్నాయన బండి తెచ్చి సరిగ్గా ఆమె ముందు ఆపాడు. "ఏం మేడమ్, వారం వారం ఈ ఊర్లో మీకేం పని?"

మేడమ్ కొంగు నడుముకు బిగించింది. కానీ తల దించలేదు. "నాకు భయంగా ఉండాదప్పా. అందుకే వస్తా ఉండాను," అంది.

తిట్టడానికి వచ్చిన చిన్నాయనకు ఎదురు బెదిరింపు దొరికితే బాగుండేది. బండి కాసేపు ఊరికే గుర్రుమనిపించి వెళ్లిపోయాడు.

మామిడి కాపు అయిపోయే రోజుల్లో ఒక ఆదివారం, చదవడం ముగిశాక, మేడమ్ అడగకముందే నాయన నోరు విప్పాడు. "ఆ పిల్లోణ్ని రమ్మనండి మేడమ్. మాట్లాడాల."

పక్క ఊరి పిల్లను పిలిచింది కూడా అచ్చం అంత నెమ్మదైన మాటతోనే. మేడమ్ చేతిలోని కాగితాలు మడిచి పక్కన పెట్టింది. "యాడికి రమ్మంటారన్నా?" అంది.

నాయన వీధి చివరదాకా చూశాడు. చిన్నాయన ఇల్లు అటే ఉంది. "ఈడికి వద్దు," అన్నాడు. "మీ ఇంటికే. నేనే వస్తా."

చిత్తూరులో మేడమ్ ఇల్లు రెండు గదులది. డేవిడ్ ముందే వచ్చి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాయన లోపలికి రాగానే మేడమ్ కంగారుగా తలుపు మూసి గడియ మీద చెయ్యి వేసింది, ఎవరైనా వెంట వచ్చారేమోనని. నాయన వెనక్కి తిరిగాడు.

"తీసే ఉండనీ మేడమ్," అన్నాడు. "పిల్లోడు భయపడతాడు."

మా పెళ్లి తిరుపతిలో రిజిస్టరు ఆఫీసులో అయింది. సాక్షి సంతకం చేస్తూ మేడమ్ పెన్ను రెండుసార్లు కింద పడేసింది. చిన్నాయన మా నాయనతో మాటలు మానేశాడు. ఊళ్లో నాయన అడుగు తీసి అడుగు వేయడానికి వెనకాముందూ చూసుకునే రోజులు చాలా గడిచాయి. నేనూ ఊరికి వెళ్లేది పగటిపూటే, ఇప్పటికీ. అంతా సర్దుకుపోయిందని చెబితే అది అబద్ధం. మొన్న చలికాలంలో మేడమ్ పోయింది. ఆఖరిసారి ఆసుపత్రిలో చూడబోతే, "భయమేస్తా ఉండాదే, కాసేపు చెయ్యి పట్టుకో," అంది. పట్టుకున్నాను. ఇప్పుడు రోడ్డు దాటేటప్పుడు పక్కన ఆమె లేకపోవడం నా చేతికి తెలుస్తుంది.

నాటిక అయిపోయాక తోటి న్యాయనిర్ణేతలు మార్కుల గురించి, నటన గురించి మొదలుపెడతారు. నేను ముందు ఆ పాత ఇనుప గడియ తీయించి, తలుపులు బార్లా తెరిపిస్తాను. చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ. చీకట్లో కూర్చున్న అంతమందిలో ఏ పిల్ల ఏ వరసలోని నాయనను చూసి ఊపిరి బిగపట్టుకుని ఉందో నాకెలా తెలుస్తుంది? తలుపు తెరుచుకుని బయటి గాలి లోపలికి వచ్చాకే నా చోటికి వచ్చి కూర్చుని, మేడమ్ ప్రశ్నతో మొదలుపెడతాను.