ఉత్త నోటితో రాకూడదు

వాన పడిన సాయంత్రాల్లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో తడిసిన కుక్క వాసన చాలాసేపు నిలిచి ఉంటుంది. మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగిని సుజాత పెంచుకునే లాబ్రడార్‌ది ఆ వాసన. మిగతావాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం గోడ పట్టుకుని నిలబడతాను. నాకు అరవై ఏళ్లు దాటినా ఆ వాసన తగలగానే నా అంతస్తు బొత్తాం నొక్కడం మరిచిపోతాను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. మాది చిట్టమూరు దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. నాయన వరి పండించేవాడు, చలికాలంలో బాతుల వేటకు వెళ్లేవాడు. మద్రాసులో ఉద్యోగం వదిలి తన దేశానికి వెళ్లిపోతున్న ఒక దొర ఇచ్చాడని నల్లటి లాబ్రడార్ పిల్లను గోనెసంచిలో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. జాకీ అని పేరు పెట్టాం. "ఇది కాపలా కుక్క కాదు పాపా. గుండు తగిలి పడిన పక్షిని నీళ్లలోంచి నోట కరిచి తెచ్చే జాతి. నాకు తీరిక లేదు, నువ్వే నేర్పు" అన్నాడు. ఏ రోజు ఏం నేర్పానో రాయమని రైసు మిల్లు వాళ్లిచ్చిన డైరీ ఒకటి చేతిలో పెట్టాడు. ఈ రోజు వరకూ ఆగని నా డైరీలలో మొదటిది అదే.

నాయన పాత మేజోడులో కొబ్బరి పీచు కూరి, పైన బాతు ఈకలు కట్టి ఒక మూట చేశాను. మంచు ఇంకా వరి కంకుల మీద ఉండగానే గట్టు మీద నిలబడి దాన్ని కాలవలోకి విసిరి "తే" అనేదాన్ని. తెస్తే అవ్వ నాగులచవితికి చేసి ఉట్టిలో దాచిన చిమ్మిలి ఉండలోంచి ఒక ముక్క, నువ్వుల నూనె వేళ్లకు అంటుకునేలా చిదిమి పెట్టేదాన్ని. దీపావళికి మిగిలిన టపాకాయలు మొదట దొడ్డి చివర, తర్వాత దగ్గరగా కాల్చి తుపాకి చప్పుడు అలవాటు చేశాను. ప్రతి చప్పుడుకూ జాకీ నా పావడా కిందికి దూరేది, నేను కళ్లు మూసుకునేదాన్ని. మా ఇద్దరిలో ఎవరు ముందు ధైర్యం తెచ్చుకున్నారో డైరీలో లేదు.

మా అవ్వకు ఒక కట్టడి ఉండేది. పొలం నుంచి ఎవరూ ఉత్త చేతులతో గడప తొక్కకూడదు. చారెడు పొన్నగంటాకో, రెండు ఎండు పుల్లలో, ఏదీ దొరక్కపోతే గుప్పెడు గడ్డో తేవాలి. ఒకసారి నాయన జ్వరంతో వస్తే కూడా, "పుల్లన్నా ఏరకరాలేకపోయినావా?" అని వాకిట్లోనే నిలబెట్టింది. ఆ కట్టడినే నేను జాకీకి పెట్టాను. మూట దొరక్క తిరిగొస్తే తల నిమరకుండా వీపు తిప్పుకుని, "యాడ పెట్టొచ్చినావు? పో" అని మళ్లీ తోలేదాన్ని. నెల తిరిగేసరికి అది ఉత్త నోటితో రావడం మానేసింది. ఆ సంగతి డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

సరస్సంటే మాకందరికీ భయమే. మోకాలి లోతు నీళ్ల కింద నడుం లోతు బురద ఉండేది. ఒకసారి మేతకు దిగిన ఎద్దు కొమ్ములు మాత్రమే పైన కనబడుతూ మధ్యాహ్నం దాకా అరిచింది. ఆ అరుపు మా పెరట్లోకి వినిపించింది.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున నాయన మమ్మల్ని వేటకు తీసుకెళ్లాడు. చేపలు పట్టే పోలయ్య తన పడవను గెడతో నెడుతున్నాడు. మొదటి గుండుకు పడిన బాతును జాకీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. రెండోది రెక్క మాత్రమే విరిగి, సరస్సు సముద్రంలో కలిసే మొగ వైపు నీళ్లు లాగే లోతు పాయలోకి ఈదుకుంటూ పోయింది. జాకీ దాని వెంటపడింది. దగ్గరికి పోతే బాతు మునిగేది, ఇంకోచోట తేలేది. పడవ అడుగు బురదలో కూరుకుపోయి కదలడం లేదు.

"జాకీ, రా" అని అరిచాను. అది తల తిప్పి నన్ను చూసింది, మళ్లీ బాతు వైపే తిరిగింది.

"బడి పెట్టినావు గానీ పాపా, బడి వదిలేది నేర్పలేదే నువ్వు" అని నవ్వాడు పోలయ్య. కాసేపటికి అతని నవ్వు కూడా ఆగిపోయింది. జాకీ వీపు మునిగింది, ముక్కు మాత్రమే కనబడుతోంది.

"అది పాయ నడిమికి పోతాంది అన్నా. నేను దిగినా నన్ను తీసేదానికి ఇంకో మనిషి కావాల" అన్నాడు.

బాతును చంపితేనన్నా కుక్క తిరిగొస్తుందని నాయన తుపాకి ఎత్తాడు. నాకు మాత్రం ఆ గొట్టం జాకీ మీదికే లేచినట్టు కనబడింది. నాయన పంచె రెండు చేతులా పట్టుకుని వేలాడాను. నాయనే తుపాకి దించి, "గుండ్లు చెదురుతాయి. దానికే తగులుతాయి" అన్నాడు.

అది రాదు. ఉత్త నోటితో వస్తే నేను వీపు తిప్పుకుంటానని దానికి తెలుసు. ఆ మాట లోపల తట్టగానే ఒళ్లోని చచ్చిన బాతు గుర్తొచ్చింది. "నాయనా, దీన్ని ఇసురు, దాని ముందర పడేలా ఇసురు" అన్నాను. నాయన పడవ అంచున నిలబడి, బాతును కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పి వదిలాడు. అది జాకీకి పక్కగా పడి నీళ్లు చిందాయి. "తే" అని అరిచాను. కాలవ గట్టు మీద అరిచే గొంతుతోనే అరవాలనుకున్నాను, కానీ అది నా గొంతులాగా లేదు.

ముక్కు అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా పక్కకు తిరిగింది.

అది పడవ దగ్గరికి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. పోలయ్య మెడ పట్టి లోపలికి లాగితే, బాతును నా పాదాల మీద వదిలి పక్కకు ఒరిగిపోయింది. దాని గుండె నా అరచేతి కింద పిట్ట గుండెలాగా కొట్టుకుంది. తడిసిన బొచ్చు, బురద, తుపాకి మందు కలిసిన వాసన నా పావడాకు పట్టేసింది. ఆ రోజు డైరీ పేజీ ఖాళీగా ఉంది.

మర్నాటి నుంచి మూట లేకుండానే పిలిచి, వట్టిగా వచ్చినందుకే చిమ్మిలి పెట్టాను. "ఉత్త నోటితో వచ్చినదానికి చిమ్మిలేందే?" అని అవ్వ సణిగింది. ఏదో ఒకటి నోట కరిస్తేనే తిరిగొచ్చే జాకీ అలవాటు మాన్పించడానికి వేసవి దాకా పట్టింది.

ఇప్పుడు మా ఊరి దగ్గర రొయ్యల గుంటలు వచ్చాయి. వేట ఎప్పుడో ఆగిపోయింది. నాయన తుపాకిని స్టేషన్లో అప్పగించాడు. ఉట్టి లేదు, చిమ్మిలి కొట్లో పొట్లాల్లో దొరుకుతుంది. పోలయ్య పడవ ఏమయిందో అడగడానికి మనుషులు లేరు.

మొన్న సుజాత కింద పార్కింగులో బంతి విసిరితే అది కారు కిందికి దొర్లిపోయింది. వెతికి వెతికి వట్టిగా వచ్చిన కుక్క తల నిమిరి, మెడ కింద గోకుతూ కూర్చున్నాను.

"బంతి తేలేదు కదా మేడమ్, దానికి ముద్దులెందుకు?" అని నవ్వింది సుజాత.

"అది వచ్చింది కదమ్మా" అన్నాను.