ఆమె గొంతుతో పిలిచాను

నా గొంతులో ఇంకో మనిషి గొంతు ఉంది. ఆ మనిషి పోయి చాలా ఏళ్లయింది. గొంతు మాత్రం నాలోనే ఉండిపోయింది. దాన్ని దొంగిలించింది నేనే కాబట్టి మొయ్యాల్సిందీ నేనే. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు చెప్పలేదు. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఈ సంగతిని పక్కకు నెట్టి మిగతావన్నీ అడిగాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యమధ్యలో ఆగితే విసుక్కోకండి. ఒక్క గుక్కలో చెప్పే ధైర్యం నాకు లేదు.

మా ఊరు చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది. నా పుట్టిల్లు ఏన్కూరు వైపు. నేను కాపురానికి వచ్చేసరికి ఈ ఇంట్లో నా భర్త, అత్తమ్మ, పెరట్లో ఆమె బాతులు. భర్త జామాయిల్ కర్ర తోలే లారీకి డ్రైవర్. పోతే ఎప్పుడు వస్తాడో ఆ లారీకే తెలియాలి. కాబట్టి ఇంట్లో నిజంగా ఉండేది నేనూ, ఆమే, బాతులూ.

బాతు గుడ్లు పెడుతుంది గానీ ఓపిగ్గా పొదగదు. అందుకని మా వైపు బాతు గుడ్లను కోడి కింద పెడతారు. కోడిపిల్లల కంటే బాతుపిల్లలు వారం ఆలస్యంగా బయటికొస్తాయి. ఆ చివరి వారంలో కోడి విసుగెత్తి లేచిపోతుంది. అత్తమ్మ ఆ వారమంతా కోడి పక్కనే చతికిలబడి, ముక్కు ముందర నూకలు పోసి, నీళ్లు పెట్టి, వీపు నిమురుతూ దాన్ని కూర్చోబెట్టేది. కోడిని బుజ్జగించడం అంత బాగా వచ్చిన మనిషికి కోడలిని బుజ్జగించడం రాలేదు. ఆమె మాట ఎండుకట్టె విరిచినట్టు ఉండేది.

బాతులు పొద్దున నత్తల కోసం వరిపొలాల్లోకి, అక్కడి నుంచి వాగులోకి పోయేవి. పొద్దు వాలేటప్పుడు ఆమె పెరటి తడిక దగ్గర నిలబడి పిలిచేది. "దా దా దా... దా తల్లీ, దా..." చివరి 'దా'ను సాగదీసి, కొంచెం వణికించి, పైకెత్తి వదిలేది. ఎంత దూరంలో ఉన్నా వరస కట్టి వచ్చేవి. అన్నిటికంటే ముందు దొరసాని. మెడ నిక్కించి, ఎవరినీ లెక్కచెయ్యనట్టు నడిచే పెద్ద ఆడబాతు అది. పేరు అత్తమ్మే పెట్టింది. ఇంకెవరు పిలిచినా అవి తల తిప్పి చూసేవి కావు. నేను పిలిస్తే ఇంకొంచెం దూరం పోయేవి. నాకు ఒళ్లు మండేది. బాతులతో పోటీ ఏమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి.

ఇప్పుడు నా దెబ్బ సంగతి చెబుతాను. సాకుగా కాదు. లేదు, సాకుగానే చెబుతున్నానేమో, మీరే చూడండి.

పెళ్లయిన రెండో ఏడు, ఏడో నెలలో, కడుపులోనే నా బిడ్డ పోయింది. దవాఖాన నుంచి ఖాళీ చేతులతో వచ్చాను. అత్తమ్మ పెరట్లో కూర్చుని కోడి కింది గుడ్లను ఒక్కొక్కటే ఎండకు అడ్డం పెట్టి చూస్తోంది. నేను తడికను పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు ఆగలేదు. ఆమె తలెత్తి చూసింది. చేతిలో ఉన్న గుడ్డును పెంటకుప్ప మీదికి విసిరేసి, "ఊకో. గుడ్డు మురిగితే పారేస్తం. కోడి మళ్ల కూసుంటది" అంది.

గుడ్డు పగిలిన వాసన నా ముక్కుకు తగిలింది. నా బిడ్డను మురిగిన గుడ్డు అంది. ఆ రోజే ఆమె మీద నా మనసు విరిగింది. తర్వాత నాకు ఇద్దరు పుట్టారు. వాళ్లకు కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది ఆమే, జ్వరమొస్తే భుజానేసుకుని తిరిగింది ఆమే. అయినా ఆ మాట నాలోంచి పోలేదు. పోలేదా, నేనే పోనివ్వలేదా? దాన్ని కోడికంటే ఓపిగ్గా పొదిగాను. అదీ నిజం.

పిల్లలిద్దరూ హాస్టల్లో చేరాక, ఒక పొద్దున అత్తమ్మ బాతుల గూడు దగ్గరే కుప్పకూలింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట ముద్దయింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి, ఇక ఇంట్లోనే చూసుకోండి అన్నారు. వెనక గదిలో, పెరటి వైపు కిటికీ కింద మంచం వేశాం. ఆ కిటికీ ఎత్తులో ఉంటుంది. పడుకున్న మనిషికి ఆకాశం కనిపిస్తుంది, పెరడు కనిపించదు. బాతులు ఆమెకు వినిపించేవి, అంతే.

ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం ఆమె మంచం మీది నుంచి పిలిచింది. ఆ ముద్ద మాటకు ఒక్క బాతూ కదల్లేదు. ఆమె ముఖం చూడలేక, పెరట్లోకి పోయి నేను పిలిచాను. నా గొంతుకూ రాలేదు. అప్పుడు, ఎందుకు తోచిందో, ఆమె గొంతుతో పిలిచాను. ఇన్నేళ్లు రోజూ విన్నదే కదా. చివరి 'దా'ను సాగదీసి, వణికించి, పైకెత్తి వదిలాను. దొరసాని ముందు, మిగతావి వెనక, రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాయి. లోపలికి వెళ్లి చూస్తే అత్తమ్మ సగం మూతితో నవ్వుతోంది. "నా గొంతే. రోజు గట్లనే పిలువే" అంది. ఆ ఒక్క రోజుకు నేను మంచిదాన్నే.

తర్వాత కాదు.

బాతుకు తవుడు పెడితే పక్కనే నీళ్లుండాలి. లేకపోతే గొంతు పట్టుకుంటుంది. ఇది నాకు నేర్పింది ఆమే. ఆమెకూ అన్నం మెల్లగా, ముద్దకో గుక్క నీళ్లతో తినిపించమని దవాఖానలో చెప్పారు. నేను అన్నం ముద్ద పెట్టి, గ్లాసు కిటికీ అంచు మీద పెట్టేదాన్ని. బాగున్న చేతికి కాస్తలో అందనంత దూరంలో. ఆ చెయ్యి గాలిలో తడుముకునేది. కళ్లలో నీళ్లు తిరిగేవి. నేను చూస్తూ కూర్చునేదాన్ని. ఇచ్చేదాన్ని, ఇవ్వకుండా ఉండేదాన్ని కాదు. కానీ చూశాక ఇచ్చేదాన్ని.

మా ఊళ్లకు మోటారు సైకిల్ మీద ఒకతను వచ్చేవాడు. రెండు పక్కలా గంపలు కట్టుకుని, ఇంటింటికీ తిరిగి కోళ్లూ బాతులూ కొనేవాడు. మంచంలో ఉన్న మనిషితోనే సరిపోతోంది, బాతుల చాకిరీ కూడా ఎవరు చేస్తారు అనుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అదొక్కటే కారణమైతే అన్నీ ఒకేసారి ఇచ్చేసేదాన్ని. నేను ఒకటీ రెండూ చొప్పున ఇచ్చాను. ఒక్కో గొంతూ తగ్గుతుంటే ఆమెకు తెలియాలి. నాకు కావాల్సింది అది.

మొదటిసారి అతను ఎంత తరిమినా ఒక్కటీ దొరకలేదు. "ఆగు, నేను పిలుస్త" అన్నాను. అత్తమ్మ గొంతుతో పిలిచాను. అవి నమ్మి వచ్చి నా కాళ్ల చుట్టూ చేరాయి. అతను వంగి రెండింటిని రెక్కలు పట్టుకుని గంపలో వేశాడు. కిటికీలోంచి ఆమె మాట వినబడింది. "ఇయ్యాల జల్దీ వచ్చినయే!" ఎంత సంతోషమో ఆ మాటలో. నాకు సిగ్గు వెయ్యాల్సింది. నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. గంపలో బాతుల్ని చూసి కాదు, ఆమె గొంతుతో ఆమె బాతుల్నే పట్టిచ్చినందుకు. ఇంతకంటే హీనమైనది నేను జీవితంలో ఏదీ చెయ్యలేదు అనుకున్నాను. అప్పటికి ఇంకా చెయ్యలేదు.

అతను వచ్చినప్పుడల్లా అలాగే జరిగింది. ఆమె వినికిడితోనే లెక్క పెట్టుకునేది. కుంటిది అరుస్తలేదేం, మచ్చల పిల్ల ఏదీ అని అడిగేది. ఉంది అత్తమ్మా, మేస్తోంది అనేదాన్ని. చివరికి దొరసాని ఒక్కటే మిగిలింది. బాతు ఒంటరిగా ఉండలేదు. తడిక ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ పగలంతా అరిచింది. లోపల ఈమె మంచం పట్టె మీద బాగున్న చేత్తో కొడుతూనే ఉంది. మర్నాడు దాన్నీ పిలిచాను. వచ్చింది. ఎప్పుడూ అత్తమ్మ కాలి వేళ్లను ముక్కుతో పొడిచినట్టు నా కాలి వేళ్లను పొడిచింది. గంపలోంచి దాని అరుపు రోడ్డు మలుపు దాకా వినబడింది. అదేం అరుపని అత్తమ్మ అడిగితే, వాగు వైపు పోతోంది అన్నాను.

ఆ సాయంత్రం పెరడు చప్పుడు లేకుండా ఉంది. అత్తమ్మ పిలిచింది.

"బాతులేవే?"

"కోతలైనయ్ కదత్తమ్మా. పొలాలల్ల గింజలున్నయ్. వాగు కాడనే ఉంటున్నయ్, ఇంటికొస్తలేవు."

"నువ్వు పిలువు."

పెరటి తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మేశానని చెప్పడానికి ఇంకా సమయం ఉంది. చెబితే ఆ ముద్ద మాటలతోనే తిట్టేది, ఏడ్చేది, కొడుకు రాగానే నా మీద చాడీ చెప్పేది. తర్వాత ఊరుకునేది. నేను చెప్పలేదు. ఖాళీ గూటి వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత చక్కగా, ఆమె గొంతుతో పిలిచాను. మళ్లీ పిలిచాను. ఆమె తల కొంచెం ఎత్తి చెవి ఇటు పెట్టి వింటోంది. ఏ అరుపూ రాలేదు.

"నా లెక్కనే పిలిచినవా?"

"నీ లెక్కనే పిలిచిన. విన్నవ్ గద. రాలే."

"నా గొంతు మర్చిపోయినయా?"

"అవ్ అత్తమ్మా. మర్చిపోయినయ్."

ఈ మాట ఎవరూ నా నోట్లో పెట్టలేదు. ఆమె గుండెలో ఎక్కడ గుచ్చితే లోతుగా దిగుతుందో వెతికి మరీ అన్నాను. మర్నాడు సాయంత్రం మళ్లీ పిలవమంది. పిలిచాను. ఆ మర్నాడూ పిలిచాను. లేని బాతుల్ని అలా ఎన్ని సాయంత్రాలు పిలిచానో. ఒక రోజు ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. అంతటితో అడగడం మానేసింది. బాతుల గురించే కాదు, దేని గురించీ అడగలేదు. నీళ్లు కూడా అడగలేదు. ఎండలు ముదరకముందే పోయింది.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నేను అత్త ఉండగానే ఆ పేరు తెచ్చుకున్నాను. కన్నకూతురు కూడా ఇట్లా చూసుకోదని ఊరంతా మెచ్చుకుంది. బాతులేవని నా భర్త అడిగితే, మనిషి మంచాన పడితే బాతుల్ని ఎవరు చూస్తారని నా తరఫున ఊరివాళ్లే జవాబు చెప్పారు. దినాల్లో అత్తమ్మ చెల్లెలు నా పక్కన కూర్చుని ఒక సంగతి చెప్పింది. నా భర్త కంటే ముందు అత్తమ్మకు ఇద్దరు పుట్టి పోయారట. అప్పుడు ఆమె ఎవరి దగ్గరా ఏడవలేదట. కోడి కింద గుడ్లు పెట్టుకుంటూ, మురిగితే పారేస్తం, కోడి మళ్ల కూసుంటది అని తనకు తానే చెప్పుకునేదట. ఆమెకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. ఉన్న ఆ ఒక్కటీ తెచ్చి నాకు ఇచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. ఇంతసేపూ మీ దగ్గర కూడా దాచాను. ఆ రోజు పెరట్లో ఆమె అన్న మాటను మీకు సగం కోసి చెప్పాను. ఆమె "ఊకో" అనలేదు. "ఊకో బిడ్డా" అంది. అంతకుముందు నన్ను ఎప్పుడూ బిడ్డా అనలేదు. నేను విన్నాను. ఆ రోజే విన్నాను. కోపం నిలవాలంటే ఆ ఒక్క మాట ఉండకూడదు. అందుకే దాన్ని తీసేసి మిగతాది దాచుకున్నాను.

కిందటి వానాకాలం నా భర్త నాలుగు బాతుపిల్లల్ని తెచ్చాడు. లారీ మానేశాడు, పొద్దుపోవడం లేదట. వద్దని ఏ కారణం చెప్పను? పెరిగాయి. సాయంత్రం పిలవాలి కదా. నా గొంతుతోనే పిలుద్దామని నోరు తెరిస్తే ఆమె గొంతే వచ్చింది. వేరే పిలుపు నాకు రాదని అప్పుడు తెలిసింది. అవి ఆ పిలుపుకే అలవాటు పడ్డాయి. రోజూ వస్తాయి. నాలుగూ వస్తాయి. అరుగు మీద కూర్చుని నా భర్త, "అచ్చం మా అమ్మ పిలిచినట్టే ఉంటదే" అంటాడు. ఆ మాటకు కళ్లు తుడుచుకుంటాడు. నేను గూటి తలుపు వేస్తాను.

క్షమించమని ఎవరిని అడగను? అడగవలసిన మనిషి గోడ వైపు తిరిగి వెళ్లిపోయింది. మీరు క్షమించినా అది ఆమెకు చేరదు. అందుకే అడగడం లేదు. ఆ సాయంత్రం చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఇన్నేళ్లూ నోటి దాకా రాలేదు. ఇక్కడ మీ ముందు చెప్పేస్తాను. చెబితే ఊపిరి కొంచెం ఆడుతుందేమో.

అవి నీ గొంతు మర్చిపోలేదు అత్తమ్మా. చివరి దాకా నీ గొంతుకే వచ్చాయి. నేనే అమ్మేశాను.