ఎకరం ఇరవై గుంటలు

చెరువు మీదుగా వచ్చే గాలి తగిలితే నాకు పట్టపగలే కలలు వస్తాయి. ఇబ్రహీంపట్నంలో నాన్న పొలం గట్టు మీద నడుస్తుంటే ఆ రోజూ అంతే. ఎండ కూడా మెత్తగా ఉంది. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయని, హద్దులు చెరిగిపోకుండా అన్న రాతి కడీలు పాతించాడు. ఎవరి వాటా ఎంతో వాటి మీద ఎర్ర రంగుతో రాయించాడు.

మా వైపు ఎకరాలకూ గుంటలకూ నడుమ ఒక చుక్క పెడతారు. నలభై గుంటలు ఎకరం. నాన్న పోయే ముందు నాకు ఇమ్మన్నది ఎకరం ఇరవై గుంటలు, అంటే 1.20. అన్న కడీ మీద 2.15 సరిగ్గానే ఉంది. నా కడీ మీద 1.2 అని ఉంది.

ఎకరం రెండు గుంటలు! నీళ్లలో మునిగినట్టు చెవులు మూసుకుపోయాయి. వరి మాత్రం తన పాటికి తాను ఊగుతూనే ఉంది. బడంగ్‌పేట్‌లో మా ఇల్లు మాకుంది, ఆ భూమి లేకపోతే పస్తులేం ఉండను. కానీ అన్న నాకు తక్కువ చేశాడన్నది మింగుడు పడలేదు. అడిగితే ఇక ఈ గట్టు మీదికి ఏ ముఖంతో రావాలి? వదిన అన్నానికి పిలిస్తే తలనొప్పి అన్నాను.

నేను రాయినే చూస్తున్నానని అన్న కూతురు గమనించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దానిది. వాటాల లెక్కంతా కంప్యూటర్‌లో రాసింది అదే. దగ్గరికొచ్చి నెత్తి కొట్టుకుంది.

“అయ్యో అత్తా! గిది నా ప్రోగ్రాం చేసిన పని. 1.20 అన్నా, 1.2 అన్నా దానికి ఒక్కటే. అంకెను రాతగా మార్చేటప్పుడు చివరి సున్నా ఊకనే ఉందని తీసేసింది. దానికి గుంటలు ఏం ఎర్క? పెయింటరన్న ఉన్నదున్నట్టు దింపిండు.”

అక్కడే చెట్టు కింది మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి, చుక్క తర్వాత ఎప్పుడూ రెండంకెలు ఉండేలా ప్రోగ్రాంలో ఒక వరుస మార్చింది. తెర మీద సున్నా వచ్చి కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వదినా, నేనూ, అదీ పడీ పడీ నవ్వాం.

అన్న నవ్వలేదు.

“గందుకేనా తలనొప్పి?” అన్నాడు. “నేను తక్కువిస్తననుకున్నవా చెల్లె?”

లేదన్నా అందామనుకున్నాను. అది అబద్ధం. అన్న వెళ్లి నా కడీ ముందు నిలబడ్డాడు.