లెక్క చెప్పని ఇళ్లు

నాకు అక్షరాలు రాక ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. మా కాలంలో ఆడపిల్లలు మేకల వెంట పోయేవాళ్లు. మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టాక, అది పలక మీద రాసిన వాటి మీదే దిద్దుకుని నేర్చుకున్నాను.

ఇది మా ఊరికి బస్సు రాకముందు, డెబ్బైల చివర్లో జరిగింది. దెంకణికోట తాలూకాలో, అంచెట్టి వైపు కొండ మీది ఊరికి నేను కోడలిగా వచ్చాను. బస్సు కొండ కింద తారురోడ్డు వరకే వచ్చేది. రాగుల మూటలు తల మీద దిగేవి, జబ్బు చేసినవాళ్లు ఎద్దులబండిలో దిగేవాళ్లు. నా మొదటి కాన్పుకు కూడా ఆ బండే కట్టారు. సగం దారిలో, వాగు దాటకముందే బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

రెండోసారి నాకు ఆరో నెల నడుస్తుండగా పంచాయతీ యూనియన్ ఆఫీసు గుమాస్తా ఒకాయన కొండెక్కి వచ్చాడు. ఊళ్లో తగినంత జనం ఉంటే మట్టిదారి బాగుచేసి బస్సు పైదాకా పంపుతారని, అందుకు ఇంటింటా మనుషుల్ని రాసుకోవాలని చెప్పాడు.

మావాళ్లు మందను ఎంచరు. ఎంచితే తరిగిపోతుందని భయం. సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి ఒక్కొక్క మేక మొహం చూస్తారు. రానిది ఏదో తెలిసిపోతుంది. ఇంట్లో పిల్లల విషయమూ అంతే.

గుమాస్తా మా గడప దగ్గర నిలబడి మా అత్తను అడిగాడు.

“ఇంట్లో ఎంతమందమ్మా?”

“ఉండేవాళ్లం ఉండామప్పా.”

“అదే, ఎంతమంది?”

“నువ్వు చూస్తానే ఉండావు కదా.”

ఆయనకు కనిపించింది అత్త, నేను. తోడికోడలు పిల్లల్ని తీసుకుని వెనక దొడ్లోకి పోయింది. మగవాళ్లు అడవిలో పశువుల దగ్గర ఉన్నారు.

“ఇంత కుండెడు సంగటి మీరిద్దరే తింటారా?”

“మాకి ఆకలెక్కువప్పా.”

ఆయన నవ్వి ఇద్దరని రాసుకున్నాడు. మిగతా ఇళ్లలోనూ ఇదే జరిగింది.

“ఈ లెక్కకి బస్సు కాదు, సైకిలు కూడా రాదమ్మా” అని చెప్పి దిగిపోయాడు. ఆ రాత్రి రోడ్డు దగ్గర ఉండి, పొద్దున బస్సుకు దెంకణికోట పోతానన్నాడు.

పొద్దు వాలాక అత్త రాగులు చెరుగుతూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

“అత్తా, బస్సు రాకుంటే మళ్లా ఆ బండే కదా.”

“ఒకటి పోయింది చాలదా? ఎంచి చెప్పి ఇదీ పోగొట్టుకుంటావా?”

“అది ఎంచినందుకు పోలేదు. ఆసుపత్రి దూరం కాబట్టి పోయింది.”

అత్త చేట ఆపలేదు. చెరగడం అయ్యాక రాగులు గంపలో పోసి అంది.

“పేర్లు చెప్పు. ఇంతమందిమని మాత్రం నీ నోట రాకూడదు. ఆయప్ప రాసుకుని ఎంచుకుంటే, ఆ దోసం ఆయప్పది.”

తోడికోడలు లోపలి నుంచి నవ్వింది. “పాపం, ఆయప్ప ఇంట్లో ఎందరుండారో.”

“ఆయనకి ఆసుపత్రికి పోను బస్సులుండాయిలే” అంది అత్త.

పేర్లు చెప్పొచ్చన్న మాట ఆ రాత్రే పక్కిళ్లకూ పోయింది.

మరునాడు వెలుగు రాగానే నేను, తోడికోడలు కొండ దిగాము. మా వెనక ఇంకొన్ని ఇళ్ల ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. టీ కొట్టు బల్ల మీద కూర్చున్న గుమాస్తా మమ్మల్ని చూసి కాగితాలు మళ్లీ విప్పాడు. మొగుడి పేరు చెప్పకూడదు కాబట్టి నా మొగుడి పేరు తోడికోడలు చెప్పింది, ఆమె మొగుడి పేరు నేను చెప్పాను. తర్వాత అత్త పేరు, పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పాను. కడుపులో ఉన్న బిడ్డకు ఇంకా పేరు లేదు. ఆ బిడ్డను చెప్పలేదు.